రెండు వేళ్ల మధ్య సెగ: చైనా సంప్రదాయ వైద్యంలో పక్షవాత సేవకు ఆధారాలు వెతికే పని

ఎండబెట్టి దంచిన పత్రిని కాగితంలో బిగించి చుట్టిన కడ్డీ అది. చూడ్డానికి లావుపాటి చుట్టలా ఉంటుంది. నర్సు దాని కొస ముట్టించి, రోగి మోకాలి కింద ఒక బిందువుకు ఎదురుగా, చర్మానికి సుమారు 3 సెంటీమీటర్ల ఎడంలో పట్టుకుంటుంది. పది పదిహేను నిమిషాలు సెగ తగలాలి గానీ కాలకూడదు. మామూలు రోగి అయితే వేడి ఎక్కువైనప్పుడు చెబుతాడు. పక్షవాతం వచ్చిన కాలికి ఆ సంగతి తెలియకపోవచ్చు. అందుకే నర్సు రెండో చేతి చూపుడువేలినీ నడిమివేలినీ ఆ బిందువుకు అటూ ఇటూ ఆనించి ఉంచుతుంది. రోగి చర్మానికి తెలియని వేడి ఆమె వేళ్లకు తెలుస్తుంది. చైనా నర్సింగ్ పాఠ్యపుస్తకాల్లో స్పర్శ మందగించిన రోగుల కోసం రాసి ఉన్న నియమమే ఇది.

మాక్సా అనే ఈ వైద్యంలో వాడే ఆకు మనకు బొత్తిగా కొత్తది కాదు. వినాయక చవితి పత్రిలో మొదట చదివే మాచిపత్రికి దగ్గరి చుట్టం.

ఈ చిన్న దృశ్యంలో రెండు ప్రశ్నలున్నాయి. ఆ సెగ వల్ల కాలికి మేలు జరుగుతుందా? ఆ సెగ వల్ల కాలు కాలుతుందా? రెండోదానికి ట్రయల్, అంటే రోగుల్ని గుంపులుగా చేసి పోల్చి చూసే పరీక్ష, అక్కర్లేదు. స్పర్శ లేని చర్మం దగ్గర నిప్పు పెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. మొదటిదానికి మాత్రం వందల ఏళ్ల వాడకం ఉన్నా జవాబు అంత తేలిక కాదు. చేసే పని ఒకటే అయినా, దాని గురించి రాసే రెండు వాక్యాలకు రెండు రకాల రుజువు కావాలి. చైనాలో పక్షవాత రోగుల సేవకు సంప్రదాయ వైద్యం ఆధారంగా నర్సింగ్ మార్గదర్శకాలు తయారు చేయడమంటే ముందుగా ఈ విడదీసే పని చేయడం. అది చేయకుండా పద్ధతి మొత్తాన్ని నెత్తిన పెట్టుకున్నా, మొత్తాన్ని కొట్టిపారేసినా వార్డులో ఉన్న నర్సుకు ఒరిగేదేమీ లేదు.

జబ్బు పేరులోనే గాలి

పక్షం అంటే ఒక పార్శ్వం, వాతం అంటే గాలి. మనం పక్షవాతం అంటాం. చైనీయులు జోంగ్‌ఫెంగ్ అంటారు, అంటే గాలి తగలడం. ఉన్నట్టుండి వచ్చి, మనిషిని పడగొట్టి, ఎటు నుంచి వచ్చిందో తెలియకుండా పోయే జబ్బుకు రెండు వేర్వేరు వైద్య సంప్రదాయాలు గాలి పేరే పెట్టుకున్నాయి. అక్కడి ప్రాచీన గ్రంథం హువాంగ్‌డి నేయ్‌జింగ్‌లో పియెన్‌కూ అనే మాట కూడా ఉంది. ఒక పక్క ఎండిపోవడం అని దాని అర్థం, చెట్టులో ఒక కొమ్మ ఎండిపోయినట్టు. హాన్ రాజవంశం చివరి రోజుల వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ ఈ జబ్బును లోతును బట్టి నాలుగు అంచెలుగా విడగొట్టాడు. పైపైన తగిలితే తిమ్మిరి, ఇంకా లోతుకు పోతే ఒళ్లు బరువు, మరీ లోతుకు పోతే మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, మాట పడిపోవడం. తర్వాతి శతాబ్దాల్లో గాలి బయటి నుంచి కాదు, లోపలే పుడుతుందన్న వాదం బలపడింది. ఒకరు వేడి అన్నారు, ఒకరు కఫం అన్నారు, ఇంకొకరు శక్తి క్షీణత అన్నారు. 1830లో వాంగ్ చింగ్‌రెన్ తన పుస్తకంలో ఒక కషాయం రాశాడు. అందులో ఏడు దినుసులు. హువాంగ్‌చీ అనే వేరు ఒక్కటే మిగతా ఆరింటినీ కలిపిన బరువుకు అయిదు రెట్లకు పైగా ఉంటుంది. ఆ ఆరింటిలో ఎండబెట్టిన వానపాము ఒకటి. శక్తి తగ్గి నెత్తురు నిలిచిపోయిందన్నది ఆయన సిద్ధాంతం. ఆ కషాయం నేటికీ చైనా ఆసుపత్రుల్లో ఉంది.

ఈ చరిత్ర నర్సింగ్‌కు ఎందుకంటే, అక్కడ మందే కాదు సేవ కూడా రోగి లక్షణ సముదాయాన్ని బట్టి మారుతుంది. బియెన్‌జెంగ్ షిహూ అని దీనికి పేరు. ఇద్దరికీ మెదడులో ఒకే రక్తనాళం పూడుకుపోయినా, ఒకరి నాలుక మీద పసుపుపచ్చని జిగట పూత, మలబద్ధకం, ముఖం ఎర్రబారడం ఉంటే కఫం, వేడి అని లెక్క. ఇంకొకరు పాలిపోయి, నీరసంగా, చెమటలు పడుతూ ఉంటే శక్తి క్షీణత. మొదటివారికి గది చల్లగా ఉంచాలి, చలువ చేసే తిండి పెట్టాలి. రెండోవారికి వెచ్చదనం, బలం. పెసలు చలువ, ఫలానాది వేడి అని రోజూ మాట్లాడుకునే తెలుగిళ్లలో ఈ తర్కం విడమరచి చెప్పాల్సిన పని లేదు. విడమరచాల్సింది దాన్ని రుజువు చేయడంలోని చిక్కు. ఆ సంగతి తర్వాత.

జబ్బు బరువు మాత్రం మామూలుది కాదు. ప్రపంచ వ్యాధి భార అధ్యయనం లెక్కల ప్రకారం 2019లో చైనాలో కొత్తగా స్ట్రోక్ (పక్షవాతం తెచ్చే మెదడు దెబ్బ) వచ్చినవారు దాదాపు 39 లక్షలు, చనిపోయినవారు దాదాపు 22 లక్షలు. బతికి బయటపడిన వారిలో చాలామందికి నెలల తరబడి చేయవలసింది డాక్టర్ పని కాదు. పక్క మార్చడం, మింగించడం, కడగడం, నడిపించడం. అంటే నర్సు పని, తర్వాత ఇంట్లోవాళ్ల పని.

పద్ధతులు ముందు, ఆధారాలు వెనక

2013లో చైనా సంప్రదాయ వైద్య పాలనా సంస్థ 13 జబ్బులకు సంప్రదాయ నర్సింగ్ ప్రణాళికలు విడుదల చేసింది. ఆ ఉత్తర్వు పేరులోనే మొదటి జబ్బు స్ట్రోక్. తీవ్ర దశకు ఒకటి, కోలుకునే దశకు ఒకటి. తర్వాతి విడతలతో కలిపి ప్రణాళికలు 52 జబ్బులకు పెరిగాయి. 2015లో నర్సుల కోసం 18 పద్ధతులతో ఒక చేతిపుస్తకం వచ్చింది. మాక్సా, చర్మానికి గిన్నెలు అంటించే కప్పింగ్, చర్మాన్ని గీకే గ్వాషా, మూలికల ఆవిరి, వేడి మూటల కాపడం, మందు పట్టీలు, చెవి మీద బిందువులకు చిన్న గింజలు అంటించి నొక్కడం వంటివి అందులో ఉన్నాయి. చెవికి అంటించే గింజ ఆవగింజంత నల్లటి విత్తనం. చిన్న ప్లాస్టర్ ముక్క మీద పెట్టి అంటిస్తారు. రోగి రోజుకు కొన్నిసార్లు తనే నొక్కుకోవాలి.

ఆ ప్రణాళికలు పనికొచ్చాయి. ఊరికో రకంగా, ఆసుపత్రికో రకంగా జరిగే పని ఒక తీరుకు వచ్చింది. కానీ వాటి పునాది నిపుణుల ఏకాభిప్రాయం. ప్రతి ప్రణాళిక చివరా ఒక మూల్యాంకన పట్టిక ఉంటుంది. రోగి లక్షణం ఎంత తగ్గింది, ఎంత సహకరించాడు, ఎంత తృప్తి పడ్డాడు అని నర్సు నింపాలి. అందులో లేనిది పోలిక. స్ట్రోక్ రోగి మొదటి వారాల్లో ఎలాగూ కొంత కోలుకుంటాడు. మెదడు వాపు తగ్గుతుంది, పక్క భాగాలు పని అందుకుంటాయి. ఆ రోజుల్లో ఏం చేసినా అది పనిచేసినట్టే కనిపిస్తుంది. మన ఊళ్లలో పసరు పోసేవారి పేరు నిలబడేదీ, పావురం నెత్తురు రాయించుకున్నవాళ్లు దాని గొప్ప చెప్పేదీ చాలావరకు ఈ కారణానే. ప్రభుత్వ ముద్ర ఉన్న పట్టికైనా ఈ భ్రమ నుంచి తప్పించుకోలేదు.

అందుకే గత పదేళ్లలో దృష్టి ప్రణాళికల నుంచి మార్గదర్శకాల వైపు మళ్లింది. చైనాలో మార్గదర్శకాల శాస్త్రానికి మంచి బలమే ఉంది. మార్గదర్శకాలను ఎలా నివేదించాలో చెప్పే రైట్ అనే 22 అంశాల జాబితా 2017లో వచ్చింది. దానికి నాయకత్వం వహించింది లాన్‌జౌ విశ్వవిద్యాలయ బృందం. తర్వాత దానికి చైనా సంప్రదాయ వైద్యం కోసం ప్రత్యేక పొడిగింపు కూడా చేశారు. కొరత పద్ధతి తెలియకపోవడంలో లేదు. ఆ పద్ధతిలో పోయడానికి సరిపడా మంచి అధ్యయనాలు లేకపోవడంలో ఉంది.

ఒక ప్రశ్న, మొదటి నుంచి చివరి దాకా

పని ఎలా సాగుతుందో చూడాలంటే మలబద్ధకం లాంటి నామోషీ సమస్యను తీసుకోవడం మేలు. స్ట్రోక్ వచ్చి మంచాన పడ్డ రోగికి ఇది దాదాపు తప్పదు. కదలిక ఉండదు, నీళ్లు తక్కువ, బెడ్‌పాన్ మీద సిగ్గు. ముక్కితే రక్తపోటు పెరుగుతుంది, మెదడులో రక్తస్రావం అయిన రోగికి అది ప్రమాదం. చైనా సంప్రదాయంలోనూ దీనికి పెద్ద పీటే. 1980లలో బీజింగ్ వైద్యుడు వాంగ్ యోంగ్‌యెన్, ఆయన సహచరులు తీవ్ర స్ట్రోక్ రోగుల్లో కఫం, వేడి, మలబంధం కలిసి కనిపించే తీరును వర్ణించి, పేగుల్ని తెరిపించడాన్ని చికిత్సలో ముందుకు తెచ్చారు. కాబట్టి అక్కడ చార్టులో ఈ రోజు విరోచనం అయిందా లేదా అని రాసే నర్సు ఒకే గీతతో రెండు వైద్యాలకూ లెక్క చెబుతోంది.

ఇప్పుడు మార్గదర్శక బృందం కూర్చుంది అనుకుందాం. 'స్ట్రోక్ రోగుల మలబద్ధకానికి సంప్రదాయ నర్సింగ్ మంచిదా?' అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేం. దాన్ని చిన్నది చేయాలి. ఎవరికి? స్ట్రోక్ వచ్చి కొన్ని రోజులైన, మింగగలిగిన లేదా ముక్కు గొట్టంతో ఆహారం తీసుకునే రోగికి. ఏం చేస్తాం? బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిశలో, పెద్దపేగు సాగే దారి వెంట, పొట్ట మర్దన. దానికి తోడు బొడ్డుకు అటూ ఇటూ రెండు త్సున్‌ల దూరంలో ఉండే తియెన్‌షు బిందువుల మీద ఒత్తిడి. త్సున్ అంటే రోగి బొటనవేలి కణుపు వెడల్పు. దేనితో పోల్చి? మామూలు సేవతో, అంటే నీళ్లు, పీచు, విరోచన మందు. ఏం కొలుస్తాం? వారానికి ఎన్నిసార్లు సాఫీగా అయింది, ఎనిమా ఎన్నిసార్లు అవసరమైంది, రోగికి ఎంత ఇబ్బంది. నాలుక మీద పూత తగ్గడాన్ని కొలమానంగా పెట్టాలా వద్దా అన్నదగ్గర బృందంలో వాదన వస్తుంది, రావాలి కూడా. రోగికి కావలసింది పొట్ట తేలికపడటం, నాలుక రంగు కాదు.

తర్వాత గాలింపు. ఇంగ్లీషు, చైనీస్ డేటాబేస్‌లు రెండూ వెతకాలి. చైనీస్ పత్రికల్లో ఈ రకం ట్రయల్స్‌కు కొదవ లేదు. చాలావాటిలో రోగులు పదుల్లో ఉంటారు. ఏ రోగి ఏ గుంపులోకి పోవాలో తేల్చే లాటరీ ఎలా తీశారో ఒక్క ముక్క రాయరు. మర్దన చేసింది ఎవరు, ఎంత బలంతో, ఎన్ని నిమిషాలన్నది ఉండదు. ఫలితం మాత్రం 'మొత్తం ప్రభావ శాతం' అనే ఒకే అంకెలో కూరి ఉంటుంది. పూర్తిగా నయం, బాగా మేలు, కాస్త మేలు అన్న మూడింటినీ ఒకే సంచిలో వేస్తే వచ్చే అంకె అది. ఈ కొలమానం ఉన్నంతకాలం ఏ పద్ధతైనా గెలుస్తుంది.

పెద్ద, మంచి అధ్యయనం ఒకటి ఉంది. 2016లో అచ్చయిన ట్రయల్‌లో చైనాలోని 15 ఆసుపత్రుల్లో, తీవ్రమైన దీర్ఘకాలిక మలబద్ధకం ఉన్న 1,075 మందికి ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ గానీ, ఉత్తుత్తి సూదులు గానీ ఇచ్చారు. 8 వారాల్లో 28 సార్లు. అసలు సూదుల గుంపు మెరుగ్గా తేలింది. దీన్ని చూసి మలబద్ధకం తగ్గుతుందని రుజువైపోయినట్టేనని బృందంలో ఎవరో అంటారు. కాదు. వాళ్లు స్ట్రోక్ రోగులు కారు. అది కరెంటు పెట్టిన సూది, నర్సు బొటనవేలు కాదు. ఆధారాన్ని తూచే గ్రేడ్ పద్ధతిలో దీన్ని పరోక్షత అంటారు. ఆధారం మంచిదే గానీ పక్కింటిది.

గ్రేడ్ ఆధారాలను నాలుగు మెట్లుగా చూస్తుంది: ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, బహు తక్కువ. లాటరీ పద్ధతి ట్రయల్స్ పై మెట్టు నుంచి మొదలై, అయిదు లోపాల్లో ఏది కనిపించినా కిందికి దిగుతాయి. పక్షపాతానికి ఆస్కారం, ఒక్కో ట్రయల్ ఒక్కో మాట చెప్పడం, పరోక్షత, మనుషులు తక్కువై అంకె ఊగిసలాడటం, నచ్చని ఫలితాలు అచ్చుకు నోచుకోకపోవడం. పొట్ట మర్దన ఇంత జల్లెడ దాటి వచ్చేసరికి తక్కువ మెట్టు మీద నిలబడుతుంది. అయినా సిఫార్సు చేయవచ్చా? చేయవచ్చు. ఖర్చు లేదు, హాని తక్కువ, రోగికి హాయి. కానీ అది బలహీన సిఫార్సుగానే ఉండాలి. 'చేయాలి' అని కాదు, 'చేయవచ్చు, విరోచన మందు మానేయకుండా' అని. ఆ చివరి ముక్క లేకపోతే సిఫార్సు మొత్తం దారి తప్పుతుంది.

అన్నీ గెలిచే ట్రయల్స్

ఫలితాలు అచ్చుకాకపోవడం గురించి ఒక పాత లెక్క ఇప్పటికీ కుడుతుంది. 1998లో ఆండ్రూ వికర్స్, ఆయన సహచరులు దేశాలవారీగా ట్రయల్స్‌ను పోగు చేశారు. చైనా, జపాన్, హాంగ్‌కాంగ్, తైవాన్‌ల నుంచి వచ్చిన ఆక్యుపంక్చర్ ట్రయల్స్ అన్నింటిలోనూ ఆక్యుపంక్చరే నెగ్గింది. అన్నింటిలోనూ! ప్రతి మ్యాచ్ గెలిచే జట్టును చూస్తే చప్పట్ల కన్నా ముందు అంపైర్ గుర్తుకు రావాలి. స్ట్రోక్ తర్వాతి కోలుకునే దశలో ఆక్యుపంక్చర్ మీద, ట్రయల్స్‌ను పోగు చేసి తూచే కోక్రేన్ సంస్థ 2016 నాటి సమీక్ష 31 ట్రయల్స్, 2,257 మంది రోగులను చూసి, మేలు ఉండవచ్చు గానీ ట్రయల్స్ నాణ్యత చాలక ఖాయంగా చెప్పలేమంది. టియాంజిన్‌లో షి ష్యుఎమిన్ 1972లో రూపొందించిన సూది పద్ధతి దేశమంతా స్ట్రోక్ వార్డుల్లోకి పాకిన దేశంలో, అర్ధ శతాబ్దం తర్వాత కూడా పరిస్థితి అదీ.

ఇదంతా చైనా వైద్యులకు చేతకాక కాదు. నర్సింగ్ పద్ధతుల్ని పరీక్షించడం మాత్రల కన్నా నిజంగానే కష్టం. ఉత్తుత్తి మాత్ర తేలిక. ఉత్తుత్తి మాక్సా ఎలా ఇస్తారు? పొగ వాసన అందరికీ తెలుస్తుంది. ఇచ్చే నర్సుకు తను ఏం ఇస్తోందో తెలియకుండా ఉండదు. పావుగంట పక్కన కూర్చుని కాలు పట్టుకున్న మనిషి ఉనికి కూడా ఒక వైద్యమే. మామూలు సేవ గుంపుకు ఆ పావుగంట దొరకదు. సరిగా చేసిన ట్రయల్‌లో ఆ గుంపు దగ్గర కూడా నర్సు అంతసేపు గడపాలి. ఇక లక్షణ సముదాయాల సంగతి: ఒకే రోగిని ఇద్దరు వైద్యులు చూసి కఫం, వేడి అని ఒకరు, శక్తి క్షీణత అని ఇంకొకరు అంటే, దాని మీద ఆధారపడిన ఆహార నియమానికి ఆధారం ఎక్కడ? ముందు ఆ గుర్తింపు ఇద్దరి చేతుల్లో ఒకటేలా వస్తుందా అన్నది తేలాలి. గుర్తింపు నిలకడగా లేనప్పుడు దాని మీద కట్టిన సిఫార్సు ఇసుక మీద గోడే.

అయినా కష్టమని కూర్చోకుండా చేసిన పని ఉంది, దాని గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి. మెదడులో రక్తస్రావం అయిన రోగులకు చైనాలో వాడుకలో ఉన్న ఒక మూలికల ద్రవాన్ని, ఎఫ్‌వైటీఎఫ్-919 అన్న గుర్తుతో, 26 ఆసుపత్రుల్లో 1,648 మంది మీద పరీక్షించారు. 28 రోజుల పాటు నోటితో, మింగలేనివారికి గొట్టంతో. అంటే వేల మోతాదులు పోసింది నర్సులే. పోలికగా ఇచ్చిన ప్లసీబో, అంటే ఉత్తుత్తి మందు, రంగు, వాసన, రుచి అసలుదానిలాగే ఉండేలా తయారుచేశారు. 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితం వచ్చింది. రెండు గుంపుల మధ్య తేడా లేదు. హాని లేదు, మేలూ లేదు. పేరున్న సంప్రదాయ వైద్య ఆసుపత్రే ముందు నడిచి తమ మందును ఇంత నికార్సైన పరీక్షకు పెట్టడం, వచ్చిన జవాబును అలాగే అచ్చువేయడం చిన్న విషయం కాదు. ఇలాంటి ఓటమి ఒకటి వంద చిన్న గెలుపుల కన్నా మార్గదర్శక బృందానికి ఎక్కువ పనికొస్తుంది.

ఆధునిక నర్సింగ్‌కు కూడా ఈ పరీక్ష తియ్యగా ఏమీ లేదు. స్ట్రోక్ రోగిని వీలైనంత త్వరగా లేపి నడిపించాలన్నది ఇంగిత జ్ఞానం అనుకున్నారు. 2015లో వచ్చిన అవర్ట్ ట్రయల్ 2,104 మంది మీద చూస్తే, 24 గంటల లోపే గట్టిగా లేపడం మొదలుపెట్టిన గుంపులో మూడు నెలలకు మంచి స్థితిలో ఉన్నవారు 46 శాతం, మామూలు సేవ గుంపులో 50 శాతం. తొందర చేటు చేసింది. తల వెల్లకిలా ఉంచాలా, ఎత్తి ఉంచాలా అన్నదాని మీద భారత్, చైనాలతో సహా 9 దేశాల్లో 11,093 మందితో హెడ్‌పోస్ట్ ట్రయల్ చేశారు. 2017 నాటి ఫలితం: వైకల్యంలో తేడా లేదు. ఇంట్లోవాళ్లకు శిక్షణ ఇచ్చి వ్యాయామాలు చేయిస్తే కోలుకోవడం పెరుగుతుందా అని భారత్‌లో 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో చేసిన అటెండ్ ట్రయల్‌లోనూ అదనపు మేలు కనిపించలేదు. అనుభవం, ఇంగితం, మంచి మనసు అనే మూడూ ఆధునిక వైద్యంలోనూ తప్పు చెప్పగలవు. ఆ మాట ఒప్పుకున్నాకే సంప్రదాయాన్ని రుజువు అడిగే హక్కు.

గట్టిగా నిలిచిన నర్సింగ్ ఆధారం మూడు సాదా పనులది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోక్ యూనిట్లలో జ్వరం, చక్కెర, మింగడం అనే మూడింటిని నర్సులు ఒక పద్ధతిగా చూసుకున్నారు. 2011లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం 90 రోజులకు చనిపోయిన లేదా పరాధీనులైన వారు ఈ గుంపులో 42 శాతం, మామూలు గుంపులో 58 శాతం. కొత్త మందు లేదు, యంత్రం లేదు. ఏ సంప్రదాయ మార్గదర్శకమైనా దీని పక్కన కూర్చోవాలి గానీ దీని స్థానంలో కాదు.

ముందు గుటక, తర్వాత పథ్యం

మింగడం దగ్గరే సంప్రదాయ నర్సింగ్‌కు అసలు పరీక్ష. చైనా వార్డుల్లో ఎక్కువగా వాడేది జపాన్‌కు చెందిన కుబోటా 1982లో చెప్పిన నీళ్ల పరీక్ష. రోగిని కూర్చోబెట్టి 30 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు ఇస్తారు. నర్సు గడియారం చూస్తూ నిలబడుతుంది. ఒక్క గుటకలో, 5 సెకన్ల లోపు, దగ్గు లేకుండా దిగితే బాగున్నట్టు. రెండు మూడు గుటకలైతే అనుమానం. పొలమారితే, గొంతు గురగురలాడితే నోటితో ఏమీ పెట్టకూడదు. ఆ తర్వాతే పథ్యం మాట. కఫం, వేడి ఉన్నవారికి బేరిపండు, పెసరకట్టు, బూడిద గుమ్మడి మంచివని ప్రణాళికల్లో ఉంటుంది. పొలమారే రోగికి పల్చటి పెసరకట్టు చలువ చేయదు, ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. కాబట్టి ఆహార సిఫార్సు ప్రతి దాని ముందూ ఒక తాళం ఉండాలి: మింగే పరీక్ష అయ్యాక, చెప్పిన చిక్కదనంలో, చక్కెర జబ్బు లెక్క చూసుకుని. ఇందులో ట్రయల్ అడగాల్సిన పని లేదు. ఇక్కడ పసరు కోసం ఊళ్లు దాటి వెళ్లే కుటుంబాలకూ ఇదే తాళం వర్తిస్తుంది. అందులో ఏ ఆకు ఉందన్నది తర్వాతి సంగతి, మింగలేని మనిషి నోట్లో ద్రవం పోయడమే మొదటి ప్రమాదం.

చేయకూడనివాటి జాబితా నిజానికి ఇలాంటి మార్గదర్శకంలో అన్నిటికన్నా బలమైన భాగం కావాలి. చచ్చుబడిన భుజాన్ని మర్దన పేరుతో లాగకూడదు. కండరాల పట్టు లేని కీలు జారుతుంది, ఆ నొప్పి నెలలు వేధిస్తుంది. పిక్క ఒకటే వాచి, వేడిగా ఉంటే నలపకూడదు. లోపల గడ్డకట్టిన నెత్తురు కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. మూలికల నీళ్లలో కాళ్లు పెట్టించేటప్పుడు వేడిని చేత్తో కాదు, థర్మామీటర్‌తో చూడాలి. రక్తం పల్చన చేసే వార్ఫరిన్ వాడుతున్న రోగి డాన్‌షెన్ వేరు కూడా తీసుకుంటే రక్తస్రావం ముప్పు పెరిగిన కేసులు నమోదయ్యాయి. కాబట్టి ఇంట్లో ఏ మూలికలు వాడుతున్నారన్న ప్రశ్న చేర్చుకునే రోజే కేస్ షీటులోకి రావాలి. స్పృహ లేని మనిషికి ఆన్‌గోంగ్ న్యూహువాంగ్ మాత్ర కరిగించి పోయడం చైనా ఇళ్లలో ఉన్న అలవాటు. పేరుపొందిన ఆ ఖరీదైన మాత్రలో సంప్రదాయ సూత్రం ప్రకారం పాదరసం, ఆర్సెనిక్ ఖనిజాలు రెండూ ఉంటాయి.

ఇక సూది కథ. స్ట్రోక్ వస్తే పది వేళ్ల కొసలూ గుచ్చి నెత్తురు తీస్తే మనిషి బతుకుతాడని ఒక చైనా ప్రొఫెసర్ చెప్పినట్టు తిరిగే సందేశం ఏళ్ల తరబడి దేశాలు దాటింది, మన వాట్సాప్ గ్రూపుల్నీ వదల్లేదు. వేలికొసల నుంచి నెత్తురు తీయడం చైనా సంప్రదాయంలో ఉన్నదే. కానీ రక్తనాళం పూడుకున్న రోగికి గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా ఉన్న గడువు నాలుగున్నర గంటలు. సూది కోసం వెతికే ప్రతి నిమిషమూ అందులోంచే పోతుంది. అక్కడి వైద్యులు దీనికి విరుగుడుగా తమ అంబులెన్స్ నంబరు 120నే గుర్తుగా మలిచారు. ఒకటి అంటే ముఖం వంకర, రెండు అంటే రెండు చేతులూ ఎత్తించి చూడటం, సున్నా అంటే మాట వినడం. సంప్రదాయ నర్సింగ్ మార్గదర్శకం మొదటి పేజీలో సూది బిందువుల బొమ్మ కన్నా ముందు ఉండాల్సింది ఈ మూడంకెలు.

బల్ల చుట్టూ ఎవరు

ఆధారం చాలని చోట బృందాలు డెల్ఫీ పద్ధతికి వెళ్తాయి. నిపుణులు విడివిడిగా మార్కులు వేస్తారు, మిగతావారి మార్కులు చూసి మళ్లీ వేస్తారు. పద్ధతి మంచిదే. నిపుణులందరూ ఒకే గురుపరంపర వారైతే మాత్రం రెండు విడతల తర్వాత వచ్చేది ఏకాభిప్రాయం కాదు, ప్రతిధ్వని. ఒక సూది పద్ధతి పుట్టిన ఆసుపత్రే ఆ పద్ధతికి మార్కులు వేస్తే ప్రయోజనాల సంఘర్షణ డబ్బు రూపంలోనే ఉండనక్కర్లేదు. మార్గదర్శకాల నాణ్యతను కొలిచే అగ్రీ-2 సాధనంలో 23 అంశాలు, ఆరు విభాగాలు ఉన్నాయి. సంప్రదాయ వైద్య మార్గదర్శకాలు తరచూ బోల్తా పడేది రెండింట: సంపాదక స్వతంత్రత, ఆచరణ సాధ్యత. రెండోదాని సంగతి నైట్ డ్యూటీ చేసిన ఏ నర్సునడిగినా చెబుతుంది. పావుగంట మాక్సా అంటే పదిమంది రోగులకు రెండున్నర గంటలు. ఎవరు చేస్తారు? పొగ ఎటు పోవాలి?

ఈ చిక్కు చైనాకే పరిమితం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బులకు పేర్లూ గుర్తులూ ఇచ్చే ఐసీడీ-11 జాబితాలో మొదట చైనా మూలాలున్న వైద్యాల రోగ నామాలు చేరాయి. 2024 జనవరిలో ఆయుర్వేద, సిద్ధ, యునానీ పదాల విభాగం విడుదలైంది. పేరు జాబితాకెక్కడం వేరు, చికిత్సకు రుజువు దొరకడం వేరు. పక్షాఘాతానికి అభ్యంగం (నూనె మర్దన), స్వేదం (ఆవిరి పట్టడం) చేయించే ఆయుర్వేద ఆసుపత్రిలోనూ ఆవిరి తగిలేది స్పర్శ తగ్గిన అదే చర్మానికి.

మళ్లీ ఆ రెండు వేళ్ల దగ్గరికి వస్తే, ఆ నియమానికి గ్రేడ్‌లో మెట్టు ఉండదు. వేళ్లు పెట్టిన గుంపు, పెట్టని గుంపు అని రోగుల్ని విడగొట్టి ఎంతమంది కాలారో లెక్కపెట్టే ట్రయల్‌ను ఏ నైతిక కమిటీ ఒప్పుకోదు. దాన్ని మంచి ఆచరణ అన్న శీర్షిక కింద, మార్కులు లేకుండా రాస్తారు. దాని కిందే ఇంకో వాక్యం రావాలి: రోగికి ఆక్సిజన్ నడుస్తుంటే ఆ గదిలో కడ్డీ ముట్టించకూడదు. ప్రొఫెసర్లు సాధారణంగా ఆ వాక్యం మరచిపోతారు. బృందంలో వార్డు నర్సు ఒకరుంటే గుర్తుచేస్తుంది.